నాలుగు రోజుల దూడకు నంబరు లేదట

పశువైద్యశాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా దూడ పుట్టగానే ముర్రుపాలు సరిపడా తాగిందో లేదో తేల్చే నెత్తురు పరీక్షను, చెవిపోగు లేదన్న కారణంగా నిరాకరించుట గురించి.

1. మా ఆవు సోమవారం మధ్యాహ్నం ఈనింది. మేము కొట్టంలోకి వెళ్ళేసరికి దూడ లేచి నిలబడింది, మూతి తడిగా ఉంది. పాలు తాగిందో, తల్లి నాకిందో ఎవరూ చూడలేదు. నాన్న పొట్ట తడిమి, "నిండుగా ఉందిలే, ఇక నీ పుస్తకాలు మూసెయ్" అన్నారు. పోయినేడు దూడకూ ఇదే చేత్తో ఇదే మాట చెప్పారు. అది ఐదో వారంలో పారుడు పట్టి, విరేచనాలతో పోయింది.

2. సదరు పరీక్షకు ఏడు రోజుల లోపే నెత్తురు తీసి ఇవ్వాలని తమ కార్యాలయం గోడ మీదే రాసి ఉంది. కాంపౌండరు గారు తీసిచ్చిన నెత్తురు సీసా పట్టుకుని నిన్న వచ్చాను. గుమాస్తా గారు తల ఎత్తలేదు.

"చెవిపోగు నంబరేదమ్మా?"

"మూడు రోజుల దూడండీ. నెల నిండితేగానీ పోగు వెయ్యమని మీరేగా అంటారు!"

"అయితే నెల నిండాకే రా."

"అప్పుడు చూసి ఏం లాభమండీ?"

"డిగ్రీ చదివావు, ఫారంలో గడి ఖాళీగా వదలకూడదని తెలీదా?"

3. తెలుసుకుని ఏం చేస్తావని తమరు అడగవచ్చు. ముర్రుపాల వల్ల వచ్చే రోగనిరోధక శక్తి తక్కువని తేలితే దూడను మిగతావాటికి దూరంగా, పొడి చోట ఉంచుతాను. మా కొట్టంలో పొడి చోటు ఒక్కటే. అందులో నాన్న మోటార్ సైకిల్ ఉంది. కాగితం చూపిస్తే తప్ప అది బయటికి రాదు.

4. పోయిన దూడకు, పోవడానికి మూడు రోజుల ముందే పోగు వేశారు. చచ్చిందని రెండుసార్లు రాసిచ్చినా తమ రిజిస్టర్లో అది బతికే ఉంది. టీకాకు తీసుకురమ్మని మొన్న కూడా ఫోనుకు సందేశం వచ్చింది. లేనిదానికి నంబరుంది, ఉన్నదానికి లేదు. నాకు బుర్ర తిరిగిపోతోందండీ.

కావున, తల్లి ఆవు నంబరు మీద దూడ నెత్తురు తీసుకొనునట్లు ఉత్తర్వులిప్పించి, ఆదివారంలోగా చిత్తగించవలెను. ఆ తర్వాత చిత్తగించినా ఒకటే, మానినా ఒకటే.

తమ విధేయురాలు,
ఆవు గలవారి చిన్నమ్మాయి

తా.క.: తమ గది బయట రెండు గంటలు కూర్చున్నాను. ఇక ఆగలేక, పోయిన దూడ నంబరు గడిలో రాసి సీసా ఇచ్చేశాను. గుమాస్తా గారు "చూశావా, ఇదీ పద్ధతి" అని మెచ్చుకున్నారు. నా మీద ఏ చర్య తీసుకున్నా సరే, ముందు ఫలితం చెప్పండి. బండి బయట పెట్టించాలి.