గ్రనాడాల నేను తడిమిన గోడ

అన్నా,

"గోడలకు పూత పూసేటోనికి స్పెయిన్ దేశమెందుకురా? ఇంటికొచ్చి ఆటో తోలుకో" అని నిన్న ఫోన్ల అన్నవు. నేను పనిజేసే ఈ రుస్తాఖ్ ఊర్ల మా అర్బాబ్, అదే మా సేటు, కట్టే ఇంటికి గ్రనాడా కోటల ఉన్నసొంటి గోడలే కావాల్నట. అందుకే అవి చూపియ్యనీకి నన్ను స్పెయిన్‌ల ఉన్న గ్రనాడాకు తోల్కపొయ్యిండు.

ఆడ కోట గోడల నిండ ప్లాస్టర్‌ల చెక్కిన పువ్వులే. పైకప్పు తేనెతుట్టె లెక్కుంది. ఎనుక మంచు కొండలు. రుస్తాఖ్ తోటలల్ల పారినట్టే కోటల గూడ కాల్వల నీళ్ళు పారుతున్నయి. నేను మట్టం చూసే అలవాటుతోని గోడ మీద అరచెయ్యి పెట్టిన. కావలాయన ఉరికొచ్చి కోపం జేసిండు. మా అర్బాబ్ నవ్వి, "మా మేస్త్రి" అన్నడు.

బడి ఇడిసినకాడికెల్లి నాకు ఏ పనిల నిలువనోడనే పేరే ఉండె. ఇయ్యాల ఈడ అర్బాబ్ ఇంటి గోడ మీద నా మొదటి పువ్వు చెక్కాలె. ఆటో ఇంకోలకియ్యి. జిప్సం కలిపిండ్రు, గట్టిపడ్తది, పోతున్న.