సైలస్ అయ్యగారి బండి

సండూరు,
జూన్, 2006

ప్రియమైన యూనీస్‌కు,

నువ్వు, పాప, అమ్మ క్షేమమని తలుస్తాను. పోయినసారి వచ్చినప్పుడు పాప నన్ను చూసి ఏడ్చి నీ వెనక దాక్కుంది. అది ఇంకా మనసులోంచి పోవడం లేదు. నెలకొకసారి కనిపించే తండ్రిని ఏ బిడ్డ గుర్తుపడుతుంది? లారీలు తూచే ఈ కాటాలో పని ముగించుకుని బయల్దేరినా, ఖనిజం లారీల మధ్య బస్సు ఎప్పుడు చేరుతుందో చెప్పలేం. సొంత బండి ఉంటే ప్రతి శనివారం ఇంట్లో ఉంటాను.

మన పాస్టరు సైలస్ అయ్యగారు తన మోటారు సైకిలు అమ్మకానికి పెట్టారని తెలిసింది. అది మన సంఘం ఆయనకు బహుమానంగా ఇచ్చిన బండే. ఆరోజు కమిటీ కార్యదర్శిగా తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది నేనే కదా. "ఇంక అయ్యగారు బస్సు చార్జీలకు మనముందు చెయ్యి చాచే పని లేదు" అని నేనంటే అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. అలాంటి బండిని అమ్ముకుంటున్నారంటే మనసుకు కష్టంగానే ఉంది. అయినా బయటివాళ్ల చేతికి పోవడం కంటే మనకు రావడం మేలు.

స్పేరుపార్టుల అంగడిలో ఉన్నాడు కాబట్టి నీ తమ్ముడు యేసుబాబుకు బండ్ల సంగతి తెలుసు. ఇద్దరూ వెళ్లి చూడండి. మీటరు ఎంత తిరిగింది, ఆయిల్ ఏ రంగులో ఉంది, చైను, బ్రేకులు, బ్యాటరీ, టైర్లు ఎలా ఉన్నాయి, అన్నీ చూడమను. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే ఏదో దాస్తున్నట్టు. సర్వీసు పుస్తకం అడగడం మరిచిపోవద్దు.

ఇక్కడ ఓనరు ఇంటి ఫోనులో మాట్లాడితే గదిలో అందరూ వింటారు. ఉత్తరమే రాయి.

పాపకు ముద్దులతో,
నీ గిద్యోను


బ్రూస్‌పేట, బళ్లారి

ప్రియమైన మీకు యూనీస్ వందనాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. అత్తమ్మకు షుగరు కాస్త తగ్గింది.

బండి చూశాం. అది అయ్యగారి ఇంట్లో లేదు. మన వీధి చివర, రోడ్డు దగ్గర మద్దమ్మ వాకిట్లో గోనెపట్టా కప్పి ఉంది. అయ్యగారు కర్ర పట్టుకుని కుంటుతూ మాతో వచ్చారు. మెట్లమీద జారి కాలు విరిగిందన్నారు. పట్టా తీస్తే సీటుమీద కోడి ముడుచుకుని పడుకుంది.

పైపైన చూస్తే కొత్తదే అనిపిస్తుంది. ట్యాంకు మీద గీత లేదు. మీటరు రెండువేలు కూడా దాటలేదు. కానీ చైను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. యేసుబాబు ఆయిల్ కడ్డీ తీసి గుడ్డకు తుడిస్తే తారులా అంటుకుంది. కంపెనీలో పోసిన ఆయిలే ఇప్పటికీ ఉన్నట్టుందన్నాడు. టైర్ల పక్కలు పగిలాయి, బ్యాటరీ చచ్చిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కాలేదు. ట్యాంకు మూత తీస్తే అడుగున కొంచెం పాత పెట్రోలు వాసన, అంతే. సర్వీసు పుస్తకంలో ఫ్రీ కూపన్లు ఒక్కటీ చింపలేదు.

"ఎందుకయ్యా ఇట్ల వదిలేసినారు?" అని అడిగాను.

"బండి బాగుండాది తల్లీ. నేను తిప్పుతానే ఉంటిని" అన్నారు. మళ్లీ అడిగితే పట్టా సర్దుతూ ఉండిపోయారు.

యేసుబాబుకు అనుమానంగా ఉంది. మీటరైనా తిప్పి ఉండాలి, బండైనా పడి ఉండాలి అంటాడు. ఏం చేయమంటారో రాయండి.

మీ యూనీస్


సండూరు

ప్రియమైన యూనీస్‌కు,

నీ ఉత్తరం చదివి నాకు కోపం ఆగలేదు. ప్రతి ఏడూ సంఘం నివేదికలో "మీరిచ్చిన వాహనం మీద అన్ని గ్రామాలూ దర్శిస్తున్నాను" అని చదివిన మనిషి కదా ఆయన! అన్ని ఊళ్లు తిరిగిన బండి రెండువేలు కూడా దాటకపోవడం ఏమిటి? మీటరు కేబులు ఊడదీసి ఉంటారు. కాలు విరిగింది మెట్లమీద కాదు, బండి మీదనుంచి పడే అయివుంటుంది. హ్యాండిల్ వంగిందేమో, ఫుట్‌రెస్టు నేలకు రాసుకున్న గుర్తులున్నాయేమో చూడమను. వెనక నిలబడి రెండు చక్రాలూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూస్తే తెలిసిపోతుంది.

ఇంటిదగ్గర విడిగా అడిగితే ఆయన నిజం చెప్పరు. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలందరూ వరండాలో ఉన్నప్పుడు అడుగు. సిగ్గుపడి నిజం చెబుతారు, ధర కూడా దిగుతుంది. మొహమాటపడకు. బహుమానాన్ని పాడుచేసింది ఆయన, మనం కాదు.

నీ గిద్యోను


బ్రూస్‌పేట

ప్రియమైన మీకు,

మీరు చెప్పినట్టే చేశాను. చేయకుండా ఉండాల్సింది.

వరండాలో అందరూ ఉండగా అడిగాను: "అయ్యగారూ, మీటరేమన్నా తిప్పినారా? బండి మీదనుంచి పడినారా?" అత్తమ్మ నా చెయ్యి గిల్లింది, అయినా అడిగాను. పెద్దల్లో ఒకాయన నవ్వాడు. అయ్యగారు "లేదు తల్లీ" అని చెప్పులవైపు చూస్తూ నిలబడిపోయారు. భార్య లోయిసమ్మ ఆయన భుజం పట్టుకుని నడిపించుకుపోయింది. నావైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మరునాడు మద్దమ్మ మన ఇంటికి వచ్చింది. గడప బయటే నిలబడింది.

"ఏందమ్మా, నలుగురిలో ఆయప్పను అట్ల అడిగితివంట? మీటరు యాడ తిప్పినాడు? బండి సుమ్నే, ఊరికే నా వాకిట్లోనే నిలబడి ఉండాది కదా!"

"మరి ఊళ్లకు పోయేది?" అన్నాను.

"పొద్దున్నే మీ వీధిలోవాళ్లు చూసేటట్ల బండెక్కి వస్తాడు. నా ఇంటికాడ నిలబెట్టి, సంచి భుజాన యేసుకోని రోడ్డుకు పోతాడు. పెట్రోలుకు యాడుండాది ఆయప్ప దగ్గర? బండి ఇచ్చినామని చార్జీలు నిలిపేస్తిరి కదా మీరు. కనపడిన ఖనిజం లారీకల్లా చెయ్యెత్తుతాడు. సాయంత్రం ఎర్రమట్టి కొట్టుకోని వస్తే నేనే కాళ్లకు నీళ్లిస్తా ఉంటి. కడుక్కోని మళ్లా బండెక్కి ఇంటికి పోతాడు. ఆ కాలు మెట్లమీద ఇరిగింది కాదమ్మా. కుడతిని ఊరికాడ లారీ మీదనుంచి దిగేటప్పుడు జారి పడినాడు. అప్పట్నుంచి బండి నాకాడనే ఉండిపాయె."

ఆమె వెళ్లాక యేసుబాబును మళ్లీ పంపాను. కేబులు సరిగ్గానే ఉంది. హ్యాండిల్ వంగలేదు, చక్రాలు వరుసలోనే ఉన్నాయి. ఆ బండి ఎన్నడూ కిందపడలేదు.

ఆయన్ను అడిగినప్పుడు నా గొంతు ఎంత పెద్దగా పలికిందో తలుచుకుంటే అన్నం సయించడం లేదు. మీరు ఏమీ రాయకండి. రండి.

యూనీస్


సండూరు

ప్రియమైన యూనీస్,

బుధవారం నేను బళ్లారి వచ్చాను. ఇంటికి రాలేదు. అమ్మకు చెప్పకు. నీ ముఖం చూసే ధైర్యం లేక అయ్యగారి ఇంటినుంచి నేరుగా బస్టాండుకు వెళ్లిపోయాను.

క్షమాపణ అడుగుదామని వెళ్లాను. నేను నోరు తెరవకముందే ఆయన చేతులు జోడించారు.

"గిద్యోనప్పా, సంఘంతో అబద్ధం చెప్తి. బండి మీద పోతాండానని ప్రతి ఏడూ చదివితి. అంతమంది అంత ప్రేమగా ఇచ్చిరి. దాంట్లోకి పెట్రోలు కూడా మీరే పోయండని ఏ నోటితో అడిగేది?"

చార్జీలు ఆపాలని కమిటీలో తీర్మానం పెట్టింది నేనేనని చెప్పాను. ఆయనకు తెలుసు. "పోనీలేప్పా, నువ్వు మంచికే చేస్తివి" అన్నారు. ఆ మాటకంటే ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

వచ్చేముందు ఒకటి అడిగాను: సండూరు వైపు వచ్చినప్పుడు లారీలు మా కాటా దగ్గర తూకానికి ఆగుతాయి కదా, నేనెన్నడూ మిమ్మల్ని చూడలేదే అని.

"నేను నిన్ను చూస్తిని. కిటికీలో కూచోని రాసుకుంటా ఉంటివి. నాకు సిగ్గాయె. తువ్వాల ముఖమ్మీద కప్పుకొంటి."

నేను కాటా గదిలో ఫ్యాను కింద కూర్చున్నాను యూనీస్. నా కిటికీ అవతల, లారీలో ఖనిజం కుప్పమీద ఆయన నాకు కనబడకుండా ముఖం కప్పుకున్నారు.

ఈ ఆదివారం వస్తాను. ఆరాధనలో లేచి, తప్పు నాదని అందరిముందూ చెబుతాను.

గిద్యోను


బ్రూస్‌పేట

ప్రియమైన మీకు,

మీరు రాలేదు. పాట పాడుతున్నంతసేపూ తలుపువైపే చూశాను.

ప్రకటనలు అయ్యాక అయ్యగారే కర్రమీద ఆనుకుని లేచారు. సంఘానికి తప్పుడు నివేదికలు ఇచ్చానని, క్షమించమని అడిగారు. లారీల సంగతి చెప్పలేదు. పెట్రోలు సంగతీ చెప్పలేదు. ముందు వరుసలో పెద్దలు తలలూపారు. ఒకాయన "పోనీలే, ఒప్పుకున్నారు కదా" అన్నాడు. అక్కడితో ముగిసిపోయేది.

నేను లేచాను. మన గుడిలో ఆడవాళ్లు లేచి మాట్లాడటం మీరెప్పుడైనా చూశారా?

"బండి ఇస్తిమి, పెట్రోలు ఇయ్యలేదు. చార్జీలు నిలిపేస్తిమి. ఆయన లారీల మీద పోయి కాలు ఇరగ్గొట్టుకున్నారు. ఆ తీర్మానం పెట్టింది నా మొగుడు. నలుగురిలో ఆయన పరువు తీసింది నేను" అన్నాను.

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మిమ్మల్ని అందరిలో నిలబెట్టినందుకు నాకు సిగ్గుగా ఉంది. మీరు రానందుకు అంతకంటే ఎక్కువ సిగ్గుగా ఉంది.

చార్జీలు మళ్లీ ఇవ్వాలని కమిటీ అక్కడికక్కడే ఒప్పుకుంది. బండి మాత్రం అమ్మేస్తాననే అన్నారు అయ్యగారు. ఇంక కిక్కు కొట్టే కాలు కాదది. ఆయన అడిగిన ధరకే తీసుకుంటామని చెప్పాను. యేసుబాబు బండిని తోసుకుపోయి ఆయిల్, బ్యాటరీ, చైను, టైర్లు మార్పించాడు, కార్బరేటరు కడిగించాడు. ఇంజను చక్కగా ఉందంటున్నాడు. బండిలో ఏ దోషమూ లేదు.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం సండూరు రోడ్డులో ఒక ఊళ్లో అయ్యగారికి ప్రార్థన కూటం ఉంది. బస్సు ఎక్కడం ఆయనకు ఇప్పట్లో కష్టం. మీరు వెనక కూర్చోబెట్టుకుని తీసుకువెళతారని లోయిసమ్మకు మాట ఇచ్చాను. నేను ఇచ్చిన మాట ఇది. ఇక మీ ఇష్టం.

యూనీస్


సండూరు

ప్రియమైన యూనీస్‌కు,

ఆ ఊరినుంచి తిరిగి వచ్చాక "ఎట్ల జరిగింది?" అని నువ్వు అడిగితే "బాగా జరిగింది" అన్నాను. మిగతాది ఎదురుగా చెప్పలేకపోయాను. ఇక్కడినుంచి రాస్తున్నాను.

దారంతా అయ్యగారు నా భుజంమీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. లారీ ఎదురైనప్పుడల్లా ఆ చెయ్యి బిగుసుకునేది. నేను నెమ్మదిగా నడిపాను.

కూటం యంకమ్మ అనే ముసలావిడ ఇంట్లో. ఉన్న ఒక్క కుర్చీ అయ్యగారికి వేశారు. ఆయన "ఈయన మా సంఘం పెద్ద, గిద్యోనప్ప. ఈయనకు వేయండి" అన్నారు. నేను కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడ్డాను.

యంకమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. బయట నిలబెట్టిన బండిని చూసింది.

"నీకు బండి ఉండాది కదప్పా. అయ్యగారు లారీల మీద పడి వస్తా ఉంటే, ఇన్ని దినాలు నువ్వు యాడుంటివి?"

అయ్యగారు గబుక్కున "ఆయప్పకు పని ఎక్కువమ్మా, యాడో దూరంగా..." అని మొదలుపెట్టారు. నామీద నింద పడకుండా మళ్లీ ఒక అబద్ధం ఆడబోతున్నారు. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

"దూరం కాదవ్వా. ఈడనే ఉంటి. సండూరు కాటాలో" అన్నాను. చార్జీలు ఆపింది నేనేనని కూడా చెప్పాను. నేను రాని ఆ ఆదివారం గుడిలో చెప్పాల్సిన మాటలు, నన్నెరుగని పదిమంది ముందు, ఆ మట్టి ఇంట్లో చెప్పాను.

యంకమ్మ లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి అయ్యగారికి ఇచ్చింది. ఆయన తాగాక, అదే చెంబు నాకు ఇచ్చింది. ఆమె కళ్లలోకి చూడలేక తల వంచుకుని తాగాను.

మొన్న కూడా ఆరాధన అయిపోయేదాకా ఆగి వచ్చాను. వచ్చే ఆదివారం మన గుడిలో కూడా చెబుతాను. ఈసారి తలుపువైపు చూడొద్దు. నీ పక్కనే కూర్చుని ఉంటాను.

నీ,
గిద్యోను