బిగించని తాళం

చిరంజీవి చిట్టితల్లికి అమ్మ దీవించి రాయునది. మీ నాన్న మోకాలు తప్ప ఇక్కడ అందరం కులాసా. వేళకు తింటున్నానని రాశావు, నమ్మినట్టు నటిస్తున్నాను.

నువ్వు రాసి పంపిన నవల చదివేశాను. వంటగదిలో కూర్చుని చదువుతుంటే కూర రెండుసార్లు మాడింది. మీ నాన్న, అందులో పిల్ల బడి ఎగ్గొట్టి సిగరెట్టు కాల్చే చోటుదాకా వచ్చి, కళ్లజోడు తీసి, "ఇది మన పిల్లేనంటావా?" అన్నారు. "నవల కదండీ, కల్పన" అన్నాను. కల్పన కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

"అమ్మా, నీకు బాధ కలిగితే చెప్పు, అచ్చుకివ్వను" అన్నావు. నవల్లో అమ్మ సినిమాహాల్లో టికెట్లు అమ్మీ అమ్మీ, ఇంట్లో కన్నపిల్ల ముఖం కూడా చూడని మనిషి. చదివినప్పుడు మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు. మర్నాటికి సర్దుకుంది. పదహారేళ్ల కళ్లకు అమ్మలు అలాగే కనిపిస్తారు. మా అమ్మ మీద నేను నవల రాయలేదు కాబట్టి ఆవిడ బతికిపోయింది.

మీ జట్టులో 'జైలు' మొన్న మన ఫ్యాను బాగుచేయడానికి వచ్చాడు. తండ్రి జైల్లో ఉన్నాడని బళ్లో వాడికా పేరు పెట్టినవాళ్ల ఇళ్లన్నిట్లో ఇప్పుడు కరెంటు పని వాడే చేస్తున్నాడు. నవల సంగతి చెబితే "నన్ను హీరోని చేసిందా ఆంటీ?" అన్నాడు. "లేదురా, సిగరెట్లు తెచ్చేవాడివి" అంటే పడీ పడీ నవ్వాడు. గుండు కొట్టించుకుని బడికొచ్చి అందరిచేతా వెలిపడ్డ మీ మూడో మనిషికి ఇప్పుడు నడుందాకా జడ ఉందట. వాడే చెప్పాడు.

ఇక ఇన్నేళ్లు కడుపులో దాచుకున్న మాట. నేను టికెట్లమ్మిన సినిమాహాలు మూతపడ్డాక, అందులో మీరు ముగ్గురూ మధ్యాహ్నాలు దాక్కునేవారు. "వెనక తలుపు తాళం పాడైంది, దేవుడు మాకోసమే పాడుచేశాడు" అని రాశావు. తాళం పాడవలేదే తల్లీ. హాలు చూసుకుంటూ ఉండమని యజమాని తాళంచెవి నా దగ్గరే ఉంచాడు. అన్నం తినగానే వెళ్లి తాళం తీసి, బిగించకుండా ఊరికే తగిలించి వచ్చేదాన్ని. సాయంత్రం మళ్లీ వేసేదాన్ని. మీ సిగరెట్లకు భయపడి బకెట్లో ఇసుక పోసిపెట్టింది కూడా ఆ దేవుడే.

మొదటిరోజు నిజంగానే తాళం వేయడం మరిచాను. గుర్తొచ్చి పరుగున వెళితే లోపల మీరు. చెవులు మెలేసి ఈడ్చుకొద్దామని తలుపు తోయబోయాను. నీ గొంతు వినిపించింది. మంచినీళ్లడగడానికి కూడా నత్తితో తడబడే పిల్లవి, బళ్లో వెక్కిరిస్తారని నోరే విప్పని పిల్లవి, ఆ ఖాళీ తెర ముందు నిలబడి ఏదో మహారాణి మాటలు గడగడా చెప్పేస్తున్నావు. వాళ్లిద్దరూ ఈలలు వేస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఆ తలుపు మూస్తే నీ గొంతు కూడా మూతపడుతుందని భయపడి, చప్పుడు చేయకుండా వచ్చేశాను.

కాబట్టి నవల అచ్చుకిచ్చెయ్. టికెట్ల అమ్మను అలాగే ఉంచు. తాళం కూడా పాడైందనే ఉండనీ. అమ్మ తెరిచిపెట్టిన తలుపంటే చదివే కుర్రకారుకు రుచించదు. చివరి పేజీలో "మేం ముగ్గురం ఎవరికీ అక్కర్లేని పిల్లలం" అని రాశావు చూడు, ఆ ఒక్క వాక్యం మాత్రం కొట్టెయ్.

ఇట్లు,
మీ అమ్మ