రెండు జతలూ లోపలికే

సబ్రాతా నగరం రేవు వీధిలో స్నానశాల నడుపుతున్న నేను, కీర్తిశేషుడు నాంఫామో భార్య హోనొరాతాను, దేవుడి దయవల్ల తెలివి సవ్యంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. మోకాళ్లు మాత్రం నా మాట వినడం లేదు. వీలునామాకు మోకాళ్లతో పనిలేదని లేఖకుడు అంటున్నాడు.

ఒకటి. స్నానశాలను, బావిని, పొయ్యిగదిని నా కొడుకు రొగాతుస్‌కు సర్వహక్కులతో ఇస్తున్నాను. షరతు ఒక్కటే. గుమ్మంలో రంగురాళ్లు పొదిగిన నేలను వాడు పెకలించకూడదు, దేనితోనూ కప్పకూడదు.

ఏ స్నానశాల గుమ్మంలోనైనా రెండు జతల చెప్పుల బొమ్మలు పొదుగుతారు, ఒకటి లోపలికి తిరిగి, ఒకటి బయటికి తిరిగి. మన గుమ్మంలో రెండూ లోపలికే ఉన్నాయి. అది వాడికి నామోషీ. "ఊరంతా నవ్వుతున్నారమ్మా, పాలరాతి పలకలు పరిచేద్దాం" అని నా ప్రాణం తీస్తున్నాడు. అందుకే వాడికి తెలియని సంగతి రాయిస్తున్నాను.

ఆ నేల వేయడానికి మా నాన్న కూలికి పిలిచిన పనివాడే నాంఫామో. రెండో జత చూసి నేనే నిలదీశాను. "ఏమయ్యా, వచ్చినవాళ్లు బయటికెలా పోతారు?" అతను తల ఎత్తకుండా, "పోకపోతే మీకే లాభం కదండీ. నేనైతే పోను" అన్నాడు. నాన్న తవ్వి మళ్లీ వేయమన్నాడు. సున్నం గట్టిపడిపోయింది, ఇక కుదరదన్నాడు నాంఫామో. నేను వేలితో నొక్కి చూశాను. పచ్చిగానే ఉంది. నాన్నకు చెప్పలేదు. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ నోరు మూసుకోలేదు.

ఓడ ఎక్కేవాళ్లు ఆ చెప్పుల మీద అడుగులు వేస్తూ, ముఖం లోపలివైపే ఉంచి, వెనక్కి నడిచి బయటికి వెళతారు, క్షేమంగా తిరిగొస్తామని. మొదటిసారి నూనె ఓడ ఎక్కబోతూ, ఎవరూ చూడట్లేదనుకుని అలా వెళ్లిన కుర్రాడు ఎవరో రొగాతుస్‌నే అడగండి.

రెండు. రొగాతుస్ ఆ షరతు తప్పితే స్నానశాల మొత్తం కోడలు రెస్తూతాకు చెందుతుంది. ఆ నేలను రోజూ తడిగుడ్డతో తుడిచేది ఆ పిల్లే. తడి తగిలితే రాళ్లలో రంగు మెరుస్తుందని తనంతట తానే కనిపెట్టింది. నా బంగారు కమ్మలు ఏ షరతూ లేకుండా ఆమెవే.

మూడు. ఇవన్నీ అమలయ్యేలా చూసే పెత్తనం పొయ్యి మండించే బారిక్‌ది. ఇన్నేళ్లూ ఒలీవు చెక్క వేసి ఊరందరికీ నీళ్లు కాచి, తను మాత్రం బావి దగ్గర చన్నీళ్లు పోసుకుంటాడు. ఇకపై వేడినీళ్ల తొట్టిలో గోడవార చోటు అతనిది. కూర్చోనంటే రొగాతుస్ బతిమాలాలి.

నాలుగు. నాంఫామో దగ్గర మిగిలిన నీలి గాజుముక్కలు ఎదురింటి స్నానశాల ఫాబియాకు. "హోనొరాతా మొగుడికి లోపలికీ బయటికీ తేడా తెలీదు" అని పేరంటాల్లో చెప్పుకు తిరిగిన మనిషి. ఆమె గోడమీది డాల్ఫిన్లు సొరకాయల్లా ఉన్నాయి. కనీసం కళ్లయినా పెట్టించుకోమని నా మాటగా చెప్పండి. పనివాడి కూలి కూడా నా లెక్కలోదే.

ఐదు. శవాన్ని కాళ్లు ముందుగా గుమ్మం దాటించడం ఆచారం. నన్ను తల ముందుగా దాటించండి. నా పాదాలు లోపలివైపే ఉండాలి. ఆ పొద్దున రెస్తూతా నేల తడిపి ఉంచాలి. తలవైపు పట్టుకోవలసింది రొగాతుస్. నాయనా, నా మొహం చూస్తూ వెనక్కి నడువు. నీకు అలవాటైన నడకే.

నవంబరు పదకొండవ తేదీన, ఒలీవు కోతల వేళ, స్నానశాల ముందుగదిలో నా చేతులతో ముద్ర వేశాను.

హోనొరాతా

సాక్షులు: విక్తోర్, సతుర్నీనుస్, దోనాతుస్, ముత్తుంబాల్, ఫోర్తునాతుస్, గుదుల్లుస్, క్వోద్‌వుల్త్‌దేవుస్. ఏడుగురూ ఈ గుమ్మంలోంచే వచ్చారు.