నాన్న వైపు స్పీకరు

నాన్నా,

నేను డ్యూటీకి పోతున్నాను. కారు తాళం ఫ్రిజ్ మీద ఉంది. పాత స్టీరియో తీసేసి కొత్తది బిగించాను, ముందు తలుపుల స్పీకర్లు కూడా మార్చాను. బండి స్టార్ట్ చేయగానే సౌండ్ తగ్గించు. పాతదాన్ని తిప్పినట్టు చివరిదాకా తిప్పావంటే వీధి వీధంతా బయటికొస్తుంది. స్టీరింగ్ మీది బటన్లు ఇంకా పనిచేయవు, వాటికి వేరే వైరు తేవాలి.

అసలు సంగతి విను. నీ వైపు తలుపు విప్పితే లోపల స్పీకరు చిరిగిపోయి ఉంది. ఎప్పుడు పోయిందో ఏమో, కిక్కురుమనడం లేదు. మోతంతా అమ్మ వైపు నుంచే! నువ్వేమో వినపడక పెంచడం, తనేమో చెవులు చిల్లులు పడుతున్నాయని నీ కారెక్కడమే మానేయడం. పైగా నీకు చెముడొచ్చిందని చుట్టాలందరికీ చాటింపు.

అమ్మకి చూపించాను. "అయ్యో, అయితే మీ నాన్న నిక్షేపంగా ఉన్నాడన్నమాట!" అని ఒకటే నవ్వు. సాయంత్రం నీతో కారులో షికారుకి వస్తుందట. తనకి నచ్చిన పాటే పెట్టు, బెట్టు చేయకు.

— చిన్నది

చిరిగిన స్పీకరు పారేయకు. టీవీ పక్కన పెట్టాను, చుట్టాలొస్తే చూపించుకో.