సగంలో ఆగే బొమ్మ

ఏమోయ్, షాపుకి కొత్తగా వచ్చిన ఖాళీ డిస్కుల్లో ఒకదానిలోకి వీడియో కాపీ అవుతోంది. నువ్వు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంకా తిరుగుతూనే ఉంటే కంప్యూటర్ బల్ల కదపకు. అయ్యాక టీవీలో వేసి చూడు. డిస్కు నిండా పట్టే వీడియో ఇంట్లో మన పెళ్ళిదొక్కటే, అందుకే ఎప్పుడూ అదే ఎక్కిస్తాను. ఈ డిస్కులకి రెండు పొరలుంటాయి, సగంలో మొదటి పొర అయిపోయి రెండోది మొదలయ్యే చోట బొమ్మ ఆగుతుంది. రెప్పపాటు ఆగితే ఫరవాలేదు. అంతకు మించితే డబ్బా మొత్తం వెనక్కి పంపాలి. ఎంతసేపు ఆగిందో ఈ చీటీ వెనకే రాసిపెట్టు.

పోయినసారి పాడైనవాటితో పాటు బాగున్నదాన్ని కూడా పావురాలు రాకుండా బాల్కనీలో కట్టేశావు. ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది? అడుగుదామన్నా నేను ఇంట్లో ఉండి చస్తేగా.

రాత్రికి నాకోసం ఏమీ వండకు. నేనొచ్చేసరికి నువ్వు మళ్ళీ వెళ్ళిపోయి ఉంటావు.

ఇంకోటి. బొమ్మ ఆగే చోట నువ్వు నావైపు తిరిగి ఏదో అనబోతుంటావు. నిన్నటి డబ్బాలోని డిస్కులో ఏడు సెకన్లు అలాగే ఉండిపోయావు. ఈ నెలంతా కలిపినా నా ఎదురుగా అంతసేపు నిలబడలేదు నువ్వు. ఆ డిస్కుని బీరువాలో నా చొక్కాల కింద పెట్టాను. పావురాలకి కట్టకు.