నావి కాని నా ఆస్తులు

ఇరవై రెండేళ్ల వయసు, న్యాయశాస్త్రం చివరి సంవత్సరం చదువు, చెక్కుచెదరని బుద్ధి కలిగిన నేను స్వయంగా నిర్ణయించుకుని రాసుకున్న వీలునామా ఇది. బలవంతం లేదు. భయం ఉన్నది.

కారణం: స్కాలర్‌షిప్పు ఇస్తామంటే మా ఎమ్మెల్యే పెద్దాయన పార్టీ ఆఫీసులో పదకొండు కాగితాల మీద సంతకం పెట్టాను. వాటితో నేను మూడు కంపెనీలకు, ఒక శీతల గిడ్డంగికి యజమానినయ్యానని గత నెల తెలిసింది. లంచాల సొమ్ము వాటిలో మునిగి వ్యాపార లాభమై తేలుతోంది. నాకు ముందు యజమాని ఆయన డ్రైవరు. నోరు విప్పిన వారానికే లారీ కింద పడ్డాడు. అడిగే ధైర్యం అతని భార్యకు లేక అన్నీ నా పేరుకు మారాయి.

పోలీసులు, బ్యాంకు, దర్యాప్తు శాఖ, అందరిదీ ఒకే మాట: "కాగితాల్లో ఓనరువి నువ్వేగా అమ్మా, ఎవరి మీద కంప్లయింటు?" సరే, ఒప్పుకుంటున్నాను. యజమానినైతే పంచే హక్కూ నాదే.

1. శీతల గిడ్డంగి డ్రైవరు భార్యకు.

2. మూడు కంపెనీలు మా హాస్టల్ ఊడ్చే నలుగురు పిన్నులకు, సమాన వాటాలతో. కాదనదలచినవారు బోనెక్కి "అవి నావి" అని ప్రమాణం చేయాలి. ఆ ఒక్క వాక్యం పెద్దాయన నోట రావాలనే ఈ నిబంధన. ప్రమాదమని పిన్నులకు ముందే చెప్పాను. "నలుగురినీ గుద్దాలంటే ఎంత పెద్ద లారీ కావాలే పిల్లా?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

3. నా పెన్ను నాన్నకు. "సంతకమేగా తల్లీ, పెట్టెయ్" అన్నది నీవే, చదవనిది నేను. తప్పు నాది నాన్నా. అన్నం మానకు.

4. డిబేటు కప్పులన్నీ నా ప్రత్యర్థికి, క్లాసంతా 'అభ్యంతరం' అని పిలిచే నీకు. రెండు న్యాయంగా నీవే, చెప్పుకుని తిరగకు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా నీదే.

5. నా దుప్పటి అమ్మమ్మకు. "చదువు రాని నేనే చదివించుకుని గానీ వేలెయ్యను, నువ్వెట్లా పెట్టావే?" అని అడిగావు. నేను ఓడిపోయిన వాదం అదొక్కటే.

నా సంతకం ఇప్పుడు పెద్దాయన బీరువాలో ఉన్నది. అది ఇక నాది కాదు. కనుక దీనిని 'అభ్యంతరం' చేత రెండుసార్లు చదివించుకుని, విని, అమ్మమ్మలాగే వేలు వేస్తున్నాను.

మార్చి పదకొండు, మంగళవారం.

(ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు:
కాలేజీ లైబ్రేరియన్
జిరాక్సు షాపు బాబాయి (పన్నెండు ప్రతులు తీసి, పన్నెండు చోట్ల దాచినవాడు)